మూత కింద కేక

ఇరుకు చోటంటేనే వణికే నేను, హీరో వేషమనగానే తలూపాను. అంతటి తెలివి నాది.

ఆ వేషమిచ్చినవాడు కృష్ణపట్నం దగ్గర రొయ్య పిల్లల్ని పెంచే హ్యాచరీలో మోటార్లు చూసుకునేవాడు. జపాను వాళ్ల చిన్న బడ్జెట్ హారర్ సినిమాలంటే పిచ్చి. "వాళ్లు ఒక్క గదిలో, ఒక్క మనిషితో తీసినారన్నా. మనకి గది కూడా దేనికి? ఖాళీ ట్యాంకు చాలు" అన్నాడు. నన్ను ట్యాంకులో దింపి, మూతేసి, పక్కనున్న పైపు కంతలోంచి ఫోనుతో తీసేవాడు. షాటు షాటుకీ మూత తట్టి, "ఊపిరాడతా ఉందా అన్నా?" అని అడగడం అతని అలవాటు.

చివరి రోజు అడగలేదు. మూతను గుద్దాను, అమ్మను పిలిచి ఏడ్చాను. చాలాసేపటికి మూత తీశాడు. అప్పుడు కూడా నన్ను ఫోనులోనే చూస్తున్నాడు.

"నిజంగా చచ్చిపోతున్నట్టే ఉండాదన్నా!"

"చచ్చిపోతున్నానురా!"

"అందుకే మూత తియ్యలేదన్నా."

మూత కింద నేను, మోత కింద నా గొంతు. మోటార్ల హోరుకు కేక రికార్డు కాలేదు. వేరేవాడి కేక అతికిస్తే అబద్ధమంటాడు. డబ్బింగుకు ఒక్క కేక పెట్టమని మూడుసార్లు ఇంటికొచ్చి బతిమాలాడు. మూడుసార్లూ టీ ఇచ్చి పంపాను. ఆ సినిమాలో ఇవాళ్టికీ నా నోరు తెరుచుకునే ఉంటుంది. కేక మాత్రం నేనివ్వలేదు.