గుడ్డెలుగుకు ఇనబడేటట్టు

నేను పుట్టింది రఘునాథపల్లి దిక్కు. మా ఊరి చుట్టూత పత్తి చేన్లు, వరి మళ్లు, బోడ గుట్టలు. అడవి అన్నది పెండ్లయి భూపాలపల్లి దిక్కు వచ్చినంకనే చూసిన. మా ఆయన అడవిల వాచర్. ఇప్పుడు రోడ్డు పక్కన గేటు పెట్టి, ఉయ్యాలలు కట్టి, జింక బొమ్మలు నిలబెట్టి పార్కు చేసిన్రు. వచ్చినోళ్లు గంతే పార్కు అనుకుంటరు. ఆ కంచె దాటితే అసలు అడవి. ఎండకాలం అండ్ల జంతువులకు నీళ్లు దొరకవని నాలుగు తావుల సిమెంటు తొట్లు కట్టిచ్చిన్రు. ట్యాంకరొచ్చి నింపిపోతది. పొద్దుగాల్నే పోయి ఆ తొట్లు చూసుడు, ఏ జంతువు వచ్చి తాగిందో అడుగులు చూసి రాసుకునుడు మా ఆయన పని. ఏండ్ల సంది ఆ అడవిల ఒక్కడే తిరిగిండు.

మూడేండ్ల కింద, ఎండకాలం మొదలైనప్పుడు, ఆయనకు చెవులు ఇనబడుతలేవని నాకు ఎరుకైంది. నేను బావికాడికి పోతూ, కుక్కరు మూడు కూతలకు దించమని చెప్పి పోయిన. వచ్చి చూస్తే ఇల్లంత మాడు వాసన. ఆయన పొయ్యి పక్కనే కూసోని చెప్పుకు మొల కొట్టుకుంటుండు. "ఏందయ్యా, ఇనబడలేదా?" అంటే, "ద్యానం లేదు" అన్నడు.

ఆ వారంల్నే ఒకనాడు అన్నం తినుకుంట నవ్వుకుంట చెప్పిండు. "ఇయ్యాల ఒక గుడ్డెలుగు నా ముంగట్నుంచే పోయింది. దుమ్ము లేస్తే గని చూడలే. పుట్ట తవ్వుకుంటుండెనట, నేను దాని పక్కకెళ్లే నడిసిపోతున్న."

నేను చేతిల ముద్ద పల్లెంల పెట్టేసిన. ఎలుగు పుట్ట తవ్వితే ఎట్లుంటదో ఆయనే నాకు చెప్పిండు ఒకప్పుడు. గోళ్లతోని పెళ్లలు పీకుతది, మూతి పెట్టి చెదలను గుంజుతది, ఆ సప్పుడు పిండి మిషను తీర్గ దూరందాంక ఇనబడుతదని. గసోంటి సప్పుడు ఇనని మనిషి అడవిల ఒక్కడు ఎట్ల తిరుగుతడు?

ఆయన నీళ్లు తాగుతుంటే ఎనుకకు పోయి మెల్లగ పిలిచిన. పలుకలే. జర గట్టిగ పిలిచిన. పలుకలే. ఎదురుంగ వచ్చి నిలబడ్డ. నా మొకం చూసి ఆయనకు అర్థమైంది.

"ఆఫీసుల చెప్పకు," అన్నడు. "అడవి లేకుంటే నేనేం జేస్తనే?"

చెప్పలే. తెల్లారి ఆయన పాత బూట్లు ఏసుకొని, లోపల గుడ్డలు కుక్కుకొని, ఆయన ఎంబడి బయలుదేరిన. వద్దన్నడు. నేను ఆగలే. కంచె దాటినంక ఆయనే నిలబడి చెప్పిండు. "గుడ్డెలుగు పగబట్టి రాదు. దానికి సూపు తక్కువ. తిండి మీద పడ్డదంటే దునియ మరుస్తది. మనం సప్పుడు లేకుంట మీదికి పోతే బుగులు పట్టి మీద పడతది. దూరంకెళ్లే మనిషి గొంతు ఇనబడితే దానంతట అదే తప్పుకుంటది. అందుకని మాట్లాడుకుంట నడువాలె. తోవ మలిగేకాడ, పుట్టలకాడ, వాగుల దిగేకాడ ఇంక గట్టిగ. ఒకవేళ ఎదురుపడ్డదా, ఉరుకొద్దు. నువ్వెంత ఉరికినా అది అంతకన్న ఉరుకుతది. చెట్టెక్కొద్దు, అదీ ఎక్కుతది. పిల్లలుంటే తల్లికి పిల్లకు నడుమకు అసలే పోవద్దు. దాని దిక్కు చూసుకుంటనే మెల్లమెల్లగ ఎనుకకు జరుగాలె. మీదనే పడితే బోర్ల పండి, మెడ మీద రెండు చేతులు పెట్టుకొని కదలకుంట ఉండాలె."

"మాట్లాడుడు ఎవలు?" అన్న.

నా పెదవులు చూసి నవ్విండు. "నేను మాట్లాడితే ఎంత గట్టిగ మాట్లాడుతున్ననో నాకే తెల్వదు. నువ్వే మాట్లాడు."

అదే కష్టమాయె. నేను మాటలు తక్కువ మనిషిని. అత్తగారింటికి వచ్చిన కొత్తల మా అత్త నన్ను మూగ కోడలు అనేది. ఏది అడిగినా ఊ, ఊహు, గంతే. మా ఆయన గూడ ముచ్చటపెట్టే మనిషి కాదు. మా ఇద్దరి సంసారం సైగల్నే సగం గడిసింది.

తోవ సన్నం. ఆయన ముంగట, నేను ఎనుక. నేను ఉన్ననో లేదో తెల్వాలని ఆయన ఎడమ భుజం మీద చెయ్యి ఏసి నడిసిన. ఏం మాట్లాడాలె? నోట్లకు ఏదీ రాలే. ఆఖరికి మా పుట్టింటి బస్సు స్టేజీలు చదివిన. "కాజీపేట, మడికొండ, స్టేషన్ ఘన్‌పూర్, రఘునాథపల్లి, జనగామ..." మళ్ల జనగామ నుంచి ఉల్టా. నాలుగు తొట్లు చూసి ఇంటికొచ్చేసరికి నా గొంతు కూసుకపోయింది.

రెండో దినం సర్వపిండి ఎట్ల చేస్తరో చెప్పిన. బియ్యప్పిండి, నానబెట్టిన శెనగపప్పు, నువ్వులు, కరివేపాకు, ఉల్లాకు. గంజు గిన్నెకు పిండి ఒత్తి నడుమ నడుమ వేలుతోని బొక్కలు పెట్టుడు దాంక. మూడో దినం మా అత్త మీద పడ్డ. పాపం, కాలం చేసి పదేండ్లాయె. ఆమె నన్ను ఏమేమి అన్నదో అన్నీ ఎలుగులకు ఇనిపిచ్చిన. ముంగట నడిసేది ఎనుకకు తిరిగి చూడని మనిషి, చెవులు ఇనబడని మనిషి. ఏమన్నా అనొచ్చు. నేను అంటున్న కొద్దీ నాకే తమాష అయ్యేది. "పెండ్లికి తెచ్చిన చీర రంగు నాకు ఒక్కనాడు నచ్చలే," అన్న ఒకనాడు. "ఆ ఆకుపచ్చ చీర కట్టుకుంటే నేను చిలుక లెక్క ఉండేదాన్ని." ఆయన తునికి చెట్టు కింద ఎలుగు లద్దె చూసి, కట్టెతోని కదిపి, "పండ్ల గింజలు. నిన్నటిది," అన్నడు.

నెల గడిసేసరికి ఎప్పుడు తెల్లారుతదా, అడవిలకు ఎప్పుడు పోదమా అనిపిచ్చేది. ఇంట్లకొస్తే మళ్ల పాత మనిషినే. కంచె దాటితే నోరు ఇప్పుకునేది. ఇప్ప పూలు రాలే దినాలు పోయినై, తునికి పండ్లు పండే దినాలొచ్చినై. ఎలుగులు ఎక్కువ తిరిగే కాలం అది. ఆయన కండ్లు నేల మీద, నా చెవులు చుట్టుముట్టు. అట్ల ఇద్దరం కలిసి ఒక్క మనిషి పని చేసినం.

ఇగ ఆ దినం సంగతి.

మూడో తొట్టి దాటి వాగు దిక్కు పోతున్నం. ఏం మాట్లాడుతున్ననో ద్యానం లేకుంటనే నా మొదటి కాన్పు ముచ్చటకు వచ్చిన. ఆడపిల్ల. రఘునాథపల్లిల మా తల్లిగారింట్ల పుట్టింది. ఇరవై ఒకటో దినం రాకముందే జరమొచ్చి పోయింది. కబురు పంపినం. ఆయన రెండు దినాలకు గని రాలే. అప్పటికి అంతా అయిపోయింది. అడవిల మంటలు లేసినై, రానియ్యలేదని అన్నడు. నేను ఊ అన్న. తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టిన్రు, పెరిగిన్రు, ఇప్పుడు వాళ్ల సంసారాలు వాళ్లవి. గని ఆ రెండు దినాల సంగతి మా ఇంట్ల మళ్ల ఎవలం ఎత్తలే.

"పిల్ల కండ్లు నీయే," అన్న ఆయన ఈపుతోని. "నువ్వు చూడనే లేదు. నిజంగ మంటలే లేసినయా? నేను గడపల కూసోని ప్రతి బస్సుకు..."

అండ్లకెళ్లి మాట రాలే. కండ్లకు నీళ్లొచ్చి తోవ మసకైంది. నడుస్తనే ఉన్న గని నోరు పెగల్లేదు. తోవ మలిగేకాడికి వచ్చినమని గూడ సోయి లేదు.

ఆయన టక్కున ఆగి నా దిక్కు తల తిప్పిండు. తిప్పినోడు నా మొకం చూడలే. నా ఎడమ పక్కకు చూసిండు. భుజం మీదున్న నా చేతిని గట్టిగ అదిమిండు.

"ఉరుకకు," అన్నడు.

అప్పుడు ఇనబడ్డది నాకు. పిండి మిషను సప్పుడు. పదిహేను అడుగుల దూరం గూడ లేదు. తునికి చెట్టు కింద పుట్ట సగం తవ్వి ఉన్నది, దాంట్ల మూతి పెట్టి ఒక నల్లటి ఎలుగు. దాని ఈపు మీద బొచ్చు పట్టుకొని రెండు పిల్లలు. చెవుల పని నాది. ఏడ్సుకుంట నేనే ఇనలే.

ఆయన నన్ను తన ఎనుకకు తిప్పుకున్నడు. ఆయన ఈపు నాకు ఆనుకొని ఉన్నది. ఒక్క అడుగు ఎనుకకు. ఇంకొక్క అడుగు. ఎండుటాకు ఇరిగింది. ఎలుగు మూతి ఎత్తింది. ఎనుక కాళ్ల మీద లేసి నిలబడ్డది. నిలబడితే మా ఆయనంత ఉన్నది. ఎదురురొమ్ము మీద తెల్లటి వంపు గీత. పిల్లలు జారి కిందపడి మళ్ల తల్లి బొచ్చు అందుకున్నై. అది బుస్సుమని ఊది, నాలుగు కాళ్ల మీద పడి మా మీదికి ఉరికొచ్చింది.

నా కాళ్లు ఉరికినయే అనుకున్న. ఆయన చెయ్యి నా మణికట్టును కట్టేసినట్టు పట్టుకున్నది.

అది నాలుగు అంగలేసి ఆగింది. దుమ్ము మా కాళ్ల మీద పడ్డది. ఆయన కట్టె ఎత్తలే, అరవలే. మెల్లగ, ముసలవ్వతోని మాట్లాడినట్టు మాట్లాడిండు. "పో అవ్వా. నీ పిల్లల్ని మేమేం జెయ్యం. నీ తోవ నీది. ఇగో, మేం పోతున్నం." అనుకుంట ఇంకొక్క అడుగు ఎనుకకేసిండు. నేనూ ఏసిన. ఎలుగు తల అటిటు ఊపి, వాసన చూసి, పిల్లలను మోసుకొని వాగులకు దిగిపోయింది. పొద మెదులుడు ఆగిందాంక మేం ఎనుకకు నడుస్తనే ఉన్నం.

మూడో తొట్టికాడికి వచ్చి కూలబడ్డం. ఆయన దోసిట్ల నీళ్లు తెచ్చి నా మొకం కడిగిండు. ఎదురుంగ కూసోని అడిగిండు.

"ఎందుకు ఆపినవ్?"

"ఆపినట్టు నీకెట్ల తెలుసు?"

"నువ్వు మాట్లాడితే నీ చెయ్యి నా భుజం మీద గుమ్ముగుమ్మంటది. నెల రోజుల సంది అలవాటాయె. టక్కున ఆగింది. నీకేమన్నా అయిందేమో అని తిరిగిన. తిరిగితే అది కనబడ్డది."

నేను ఆయన మొకంల మొకం పెట్టి, నా పెదవులు కనబడేటట్టు, ఈపుతోని అన్న మాటనే మళ్ల అన్న. "ఆనాడు నిజంగ మంటలే లేసినయా?"

ఆయన తొట్టిల ఆకు ఒకటి తిరుగుతుంటే దాన్నే చూసిండు.

"లేదు," అన్నడు. "కబురు అందంగనే బస్సెక్కిన. రఘునాథపల్లి స్టేజీల బస్సు ఆగింది. లేవాలనుకున్న. కాళ్లు రాలే. నీ మొకం ఎట్ల చూడాల్నో తెల్వలే. జనగామ బస్టాండ్ల దిగి ఆ పొద్దంత అండ్లనే కూసున్న. తెల్లారి గూడ కూసున్న. ఎవలో ఒకామె తమ్మీ యాడికి పోవాలె అని అడిగితే, రఘునాథపల్లి అంటే, ఆమెనే బస్సెక్కిచ్చింది."

నాకు మొదలు కోపమే వచ్చింది. పిడికిలితోని ఆయన భుజం మీద ఒకటి ఏసిన. "దిగితే అయిపోవు గద! నేను నిన్ను ఏమంటుంటి? నేను మాత్రం నీ మొకమే చూడాలని కూసోలేదా?" అన్న. ఆయన ఏడ్సిండు. ఆయన ఏడ్సంగ నేను అంతకుముందు ఒక్కసారి గూడ చూడలే. ఆయన చెంపలు నా కొంగుతోని తుడిసిన. "పిల్ల కండ్లు నా తీర్గ ఉండెనా?" అని అడిగిండు. ఇంతకుముందు అన్నది ఆయనకు ఇనబడలేదని యాదికొచ్చి, మళ్ల చెప్పిన. జుట్టు ఎట్లుండె, ఏడిస్తే గదువ ఎట్ల వణికేది, పిడికిలి ఎంత గట్టిగ పట్టేది, అన్నీ చెప్పిన. నాలుగో తొట్టికి ఆ దినం పోలే.

తెల్లారి నేనే పోయి ఫారెస్టు బీటు ఆఫీసరు మేడంకు అంతా చెప్పిన. మా బిడ్డంత ఉంటది ఆమె. మా ఆయన రెండు దినాలు నాతోని మాట్లాడలే. మేడం ఇంటికి వచ్చి, ఎదురుంగ కూసోని, "కాకా, నీ నౌకరి యాడికి పోదు," అని రాసి చూపిచ్చింది. ఆయనను పార్కు గేటుకాడ పెట్టింది. తొట్ల మీదికి ఇగ ఇద్దరిద్దరు పోవాలె, ఒక్కలను పంపియ్యనన్నది. గేటుకాడ ఆయన ఎవలు వచ్చినా ఆపి, ఉరుకొద్దని, ఇడిపోయి నడువొద్దని, మాట్లాడుకుంట పోవాల్నని చెప్పినంకనే లోపలికి ఇడుస్తుండు. పోరగాండ్లు నవ్వుతరు. పిల్లల తల్లులు మాత్రం ఇంటరు.

వానకాలం పోయినంక మా చెల్లె పిలిస్తే మానుకోట పోయినం. అక్కడ దవాఖానల చెవులు చూసి, ఒక చిన్న మిషను పెట్టిన్రు. తిరుగుడుకు రైలెక్కినం. రైలు సప్పుడుకు ఆయన పరేషాన్ అయ్యి రెండు చేతులతోని చెవులు మూసుకున్నడు. కేసముద్రంల రైలు ఆగంగనే దిగుదమని దిగిండు. బయట లారీలు, ట్రాక్టర్లు, మార్కెట్ల హమాలీల కేకలు. అదీ లొల్లే. ప్లాట్‌ఫారం చివర్న జనం లేనికాడ బెంచి మీద కూసున్నం. మేం దిగిన రైలు మమ్ముల ఇడిసి పోయింది.

"ఇంకో బండి ఎప్పుడుందో అడిగొస్త," అని లేసిన.

ఆయన నా చెయ్యి పట్టి ఆపిండు. "మళ్ల అను," అన్నడు.

"ఏంది?"

"ఏదన్నా."

"బండి ఎప్పుడుందో అడిగొస్త అన్న."

ఆయన తల పక్కకు వంచి, జర సేపు నా దిక్కే చూసిండు. "నీ గొంతు గిట్లున్నదా? నాకు యాదికున్నది వేరే ఉండె. సన్నగ."

"ముసలిదాన్నయిన," అన్న.

"కాదు," అన్నడు. "కూసో. బండి వచ్చినప్పుడే వస్తది."