పొగచూరిన చెక్క

ఉదయం బ్యాంకు తలుపులు తీయకముందు నా తుపాకీ ముందుపిడిని వెనక్కి లాగుతాను. లోపల తూటా లేదని కంటితో చూసి, వేలితో తడిమి, ఆ తర్వాత భుజానికి ఆనించే వెనక చెక్కని ముక్కు దగ్గర పెట్టుకుంటాను. అరకు చలిలో దానికి నూనె వాసన తప్ప మరేదీ ఉండకూడదు. కొత్తగా వచ్చిన క్యాషియరు నవ్వుతాడు. నవ్వనీ. ఈ అలవాటు నాకు పండన్న మావ పెట్టింది.

మావ మా నాన్న స్నేహితుడు. పటాలంలో తుపాకులు బాగుచేసి, రిటైరై ఊరికొచ్చి కాఫీ తోట పెట్టుకున్నాడు. మాట తక్కువ, మొండితనం ఎక్కువ. సొంత తుపాకీ ఉన్నవాళ్ళకే ఇచ్చే ఈ కాపలా ఉద్యోగానికి నేను దరఖాస్తు పెడితే ఊరంతా ముక్కున వేలేసుకుంది. ఆయన మాత్రం ఒక్కటే అడిగాడు.

"బయమేత్తే ఏటి సేత్తావే గుంటా?"

"బయపడతాను మావా. అయినా నిలబడతాను."

"అయితే పద" అన్నాడు.

లైసెన్సు చేతికొచ్చింది. నెలాఖరులోగా తుపాకీతో రాకపోతే ఇంకొకరిని తీసుకుంటామన్నారు బ్యాంకువాళ్ళు. హుకుంపేటలో ఒక పెద్దాయన దగ్గర ముందుపిడి లాగి తోస్తే తూటా మారే పాత పంపు తుపాకీ ఉందని తెలిసి ఇద్దరం వెళ్ళాం. నల్లగా నిగనిగలాడుతోంది. చూడగానే నాదే అనుకున్నాను. మావ ముందు అది ఖాళీగా ఉందో లేదో చూశాడు. దాని మీది నంబరూ పెద్దాయన లైసెన్సు పుస్తకంలోని నంబరూ ఒకటేనా అని నా చేత చదివించాడు. గొట్టం విప్పి వెలుతురుకేసి చూశాడు. సొట్టలు లేవు, తుప్పు లేదు. తర్వాత మందు లేని డమ్మీ తూటాలు నాలుగు ఎక్కించి, ముందుపిడిని మెల్లగా లాగుతూ తోస్తూ వచ్చాడు. మూడోది బయటికి రాకుండా లోపలే ఉండిపోయింది.

"గట్టిగా లాగితే వచ్చేత్తాది బాబూ" అన్నాడు పెద్దాయన.

మావ తుపాకీని తిప్పి పట్టుకున్నాడు. వెనక చెక్కని వాసన చూశాడు. తలెత్తి, పొయ్యి మీద వేలాడుతున్న మొక్కజొన్న విత్తనప్పొత్తులకేసి చూశాడు. మా కొండల్లో వానాకాలం చెమ్మ తగలకూడనివన్నీ పొయ్యి మీదికే చేరతాయి.

"తుపాకీ కూడా అక్కడే కట్టీవోడివా?"

"మరి తుప్పు పట్టీదా?"

"పద గుంటా. ఇది వొద్దు."

బస్టాపులో ఆయన మీద విరుచుకుపడ్డాను. "నీకేటి పోయింది మావా? ఉద్యోగం పోయీది నాది!"

ఆయన బస్టాపు బల్ల మీద కూర్చున్నాడు. తర్వాత రోడ్డుకేసి చూస్తూ చెప్పాడు. "మా తమ్ముడి కన్ను పోనాది."

తోటలో ఎలుగు అతని కన్ను తీసిందని ఊరందరికీ తెలుసు. ఆనాడు అన్న అయిన మావ చేతిలో తుపాకీ ఉందన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు.

"తుపాకులు బాగుసేసినోడినే నాను. ఇంటికొచ్చినాక మాత్రం మా అమ్మలాగే ఆలోసించినాను. పొయ్యి మీద కట్టినాను. పొగ లోపలికెల్లి జిగురైపోనాది. ఆ రోజు మొదటిది గాల్లోకి పేల్చినాను, ఎలుగు కదల్లేదు. కాలీ తూటా ఇరుక్కుపోనాది, రెండోది రాలేదు." నాకేసి తిరిగి అన్నాడు. "గట్టిగానే లాగినాను గుంటా."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత పదిహేను రోజులు ఆయన వెనకే తిరిగాను. చూసినవన్నీ వద్దంటూ వచ్చాడు, నేను సరేనంటూ వచ్చాను. చివరికి విశాఖలో ఒక తుపాకుల షాపులో రంగు వెలిసి, గీతలు పడిన ఒకటి దొరికింది. మెల్లగా, గట్టిగా, నా చేతే నలభైసార్లు లాగించాడు. ఒక్కసారీ ఆగలేదు. గడువుకి ఒకరోజు ముందు ఉద్యోగంలో చేరాను. ఈ తుపాకీ అదే.

మావ పోయి రెండేళ్ళయింది. ఆయన లేని లోటు నాకు రోజూ తెలుస్తుంది. మొన్న డొంకరాయి నుంచి ఒక అమ్మాయి వచ్చి, నాలాగే కాపలా ఉద్యోగం కోసం తాను కొనబోయే తుపాకీ చూడమని తీసుకెళ్ళింది. నిగనిగలాడుతోంది. ఒక డమ్మీ తూటా లోపలే ఆగింది. చెక్క పొగ వాసన వేస్తే వద్దన్నాను.

"ఎల్లుండి చేరాలక్కా! గట్టిగా లాగితే వత్తంది కదా. నీకేటి పోయింది?" అంది, కళ్ళనిండా నీళ్ళతో.

నాకేమీ పోలేదు. ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని, మావ ఊరికి చెప్పని సంగతి మొదటిసారి ఇంకొకరికి చెప్పాను. ఆయనా గట్టిగానే లాగాడమ్మా, అన్నాను.