రబ్బరు పాల పరుపు, బందరు ఎండ

కామ్రేడ్, బోర్లా పడుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే సర్దుకోండి. నన్నిలా పడేసింది పెట్టుబడిదారీ వ్యవస్థ అని రాయాలని చాలా ఉంది. కానీ కాదు. పరుపు! అదీ నేను ఏరికోరి కొన్నది.

మా నాన్న సముద్రం మీద వేటకెళ్తాడు. వలలు లాగీ లాగీ నడుం పట్టేసింది. బందరు డాక్టరుగారు చూసి, "నులక మంచం మానేసి మంచి పరుపు కొనండి. లేకపోతే ఈసారి పడవెక్కలేడు" అన్నారు. వేసవి వేట నిషేధం ముగియడానికి పక్షం రోజులుంది. ఆలోగా నడుం దారికి రావాలి. ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి ఎంపిక బాధ్యత నాది.

గుడివాడ వెళ్లాం. పరుపుల షాపు ఓనరుగారు లేటెక్స్ ఫోమ్ రెండు రకాలు చూపించాడు. ఒకటి రబ్బరు చెట్టు పాలతో చేసింది. మీగడ రంగు, మంచి బరువు, నొక్కిన చెయ్యి తీసేలోపే పైకి లేస్తుంది. రెండోది పెట్రోలు సరుకుతో ఫ్యాక్టరీలో చేసింది. తెల్లగా, కాస్త బిరుసుగా, చవగ్గా ఉంది.

"ఇంటి వాడకానికి సింథటిక్ చాలండీ. నేచురల్ తీసుకుంటే మాత్రం ఒక్క జాగ్రత్త..."

"చాలా? ఎవరికి చాలు? చమురు కంపెనీలకా? శ్రమజీవి వీపు కింద విదేశీ పెట్రోలు పరుస్తారా?"

"అది కాదండీ, ఒక్క జాగ్రత్త..."

"జాగ్రత్త పడాల్సింది మీరు! ప్రజలు మేల్కొన్నారు!"

నాన్న నా చొక్కా లాగాడు. "ఒరేయ్, మనం కొనేది పడుకోడానికిరా."

ఓనరుగారు నేచురల్‌కే బిల్లు రాసి, దాన్ని తిరగేసి వెనక కూడా ఏదో రాసి, నాకివ్వకుండా నాన్న జేబులో పెట్టాడు. నాకు మాత్రం రెండు రకాలవీ ఒక్కో శాంపిల్ ముక్క ఇచ్చాడు, తీరిగ్గా పోల్చి చూసుకోమని.

పరుపు బస్సు టాపు మీద ఇంటికొచ్చింది. అమ్మ వాసన చూసి మొహం చిట్లించింది. "రబ్బరు కంపురా. మీ నాన్న దీని మీద ఎట్టా పడుకుంటాడు?"

ఎండుచేపల మధ్య పుట్టి పెరిగిన మనిషి కంపంటోంది!

మా ఇంట్లో ఏ వస్తువుకి ఏ జబ్బు చేసినా ఒకటే మందు, ఎండ. వేట లేక చేపలు ఎండబెట్టే ఇసుక ఖాళీగా ఉంది. అమ్మ గలీబు తీయించి పరుపుని అక్కడ వేయించింది. "పొద్దున ఓ పక్క, మధ్యాహ్నం ఓ పక్క తిప్పు. లేకపోతే లోపల పచ్చి ఉండిపోద్ది."

నేను సిద్ధాంతపరంగా బలపరిచాను. చెట్టు ఎండలో పెరిగింది. దాని పాలకి ఎండ శత్రువెలా అవుతుంది? పైగా రెండు శాంపిల్ ముక్కల్నీ పరుపు పక్కనే పెట్టాను. ప్రజాక్షేత్రంలో తేలిపోవాలని పేటంతా పిలిచి చూపించాను.

వారానికి తేలింది. పెట్రోలు ముక్క కాస్త పసుపెక్కింది, అంతే. చెట్టు పాల ముక్క వేలితో నొక్కితే మైసూరుపాకులా రాలింది. పేటంతా చూసింది. పరుపు పైన కూడా పెచ్చులు! కంగారుగా నీడలోకి లాగబోయాను. ఆ బరువుకి నా నడుం కటుక్కుమంది.

నాన్న బిల్లు పట్టుకొచ్చాడు. "ఆ షాపాయన దీని వెనక ఏదో రాశాడ్రా. చదువుకున్నోడివి, చూడు."

చూశాను. 'అయ్యా, తమరు మాట్లాడుతూ ఉన్నందున చెప్పే వీలు లేక రాస్తున్నాను. ఈ సరుకు ఎండలో వేయరాదు.'

"ఏం రాశాడ్రా?"

"మళ్లీ రమ్మన్నాడు."

పరుపు ఎండుతున్నన్నాళ్లూ నాన్న కటిక నేల మీద చాప వేసుకుని పడుకున్నాడు. నడుం దానంతటదే సర్దుకుంది! నిషేధం ముగిసిన రోజు నిటారుగా నడుచుకుంటూ బయల్దేరాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చి, చొక్కాలోంచి ఆ పెట్రోలు ముక్క తీశాడు.

"పడవలో కూర్చోడానికని దాచుకున్నా. నీకే అవసరం. నడుం కింద పెట్టుకో."

పెట్టుకున్నాను. ఏం హాయిగా ఉందో!

దయచేసి ఈ కాగితం మన స్టడీ సర్కిల్లో ఎవరికీ చూపించకండి.