తోడు వేసిన మట్టి

సీతారామలక్ష్మిగారు పాలు పోసేవాడి ఎదుటే పాలలో వేలు ముంచి చూసేవారు. కూరగాయల బండి దగ్గర ఒకసారి తూచాక పళ్లాలు అటూ ఇటూ మార్చి మళ్లీ తూయమనేవారు. రాజమండ్రిలో ఆవిడ కెమిస్ట్రీ చెప్పే ఆడపిల్లల కాలేజీలో విద్యార్థినులు పెట్టిన పేరు అనుమానాలమ్మ. ఆ సంగతి ఆవిడకి తెలుసు. "పెట్టనీండి. నా సబ్జెక్టుకి అంతకంటే బిరుదేం కావాలి?" అనేవారు.

ఆ ల్యాబులో హీటర్లు, సీసాల్ని వేడినీళ్లలో ఉంచే వాటర్‌బాత్‌లు బాగుచెయ్యడానికి నేను వెళ్తుండేవాణ్ణి. ఇందులో కొంత కళ్లారా చూశాను. మిగతాది అటెండరు మహాలక్ష్మమ్మ చెప్పింది.

సీతారామలక్ష్మిగారి పుట్టిల్లు కోనసీమలో పురోహితుల ఇల్లు. వాళ్లమ్మగారు మడి కట్టుకుంటే పిల్లలు వంటింటి గడప తొక్కకూడదు. పొరపాటున చెయ్యి తగిలితే మళ్లీ స్నానం, మళ్లీ వంట. ఉద్యోగంలో చేరాక ఆవిడ ఇంట్లో ఆ మడి వదిలేశారు గానీ ల్యాబులో అంతకంటే గట్టిగా పట్టుకున్నారు.

దానికి కారణం ఆవిడ పీహెచ్‌డీకి తీసుకున్న పని. ప్రాణం పుట్టకముందు రసాయనాలు ఏం చేసి ఉంటాయన్నది అందులో విషయం. ఇప్పుడు ఏ జీవకణంలో చూసినా రాత దాచేది డీఎన్‌ఏ, పనిచేసేది ప్రోటీను. ప్రోటీను తయారవ్వాలంటే డీఎన్‌ఏలోని రాత కావాలి. ఆ రాతకి నకలు తియ్యాలంటే ప్రోటీన్లు కావాలి. మరి ముందు వచ్చింది ఏది? ఈ రెంటికీ మధ్య నిలబడే ఆర్‌ఎన్‌ఏ అనే గొలుసు రాతనీ మోస్తుంది, అందులో కొన్ని రకాలు కోయడం, అతకడం లాంటి పనులు తామే చేసుకుంటాయి కూడా. ఇది ఎనభైల్లో తేలింది. కాబట్టి మొదట ఆర్‌ఎన్‌ఏ ఒక్కటే ఉండేదని చాలామంది ఊహ. ఊహ అన్న మాటని ఆవిడ నొక్కి పలికేవారు. అతికించే ప్రోటీను లేని రోజుల్లో ఆ మొదటి గొలుసు ముక్కల్ని అతికించింది ఎవరన్న చిక్కు అలాగే ఉంది మరి. విదేశాల్లో ఒక రకం బంకమట్టి మీద ముక్కలు అతుక్కున్నాయని అప్పటికే పత్రికల్లో వచ్చింది. మన గోదావరి మట్టి ఆ పని చేస్తుందా అన్నది ఆవిడ ప్రశ్న.

అది 1997. ఆ ఏడాది ఆఖరులోగా ఫలితం చూపించకపోతే పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ పోతుంది, మళ్లీ ఇవ్వరు.

మనిషి వేలి చెమటలో ఆర్‌ఎన్‌ఏని ముక్కలుగా నరికే పదార్థం ఉంటుంది. కాచినా ఒక పట్టాన చావదు. అందుకే గాజుసామానంతా పొయ్యిలాంటి ఓవెన్‌లో కాల్చి, చేతికి తొడుగు, నోటికి గుడ్డ కట్టుకుని ఆవిడ లోపలికి వెళ్లేవారు. మహాలక్ష్మమ్మ గుమ్మం దగ్గర నిలబడి, "మేడంగారు మడిలో ఉన్నారమ్మా, పక్కకి పోండి" అని పిల్లల్ని తరిమేది.

మట్టి మాత్రం కడియం దగ్గర చిట్టియ్య ఇచ్చాడు. నర్సరీలకి పూలకుండీలు చేసే కుమ్మరి. ఇసుక రేణువు తగలని మెత్తటి మట్టి కావాలని ఆవిడ అడిగితే, నీళ్లలో కలిపి, తేర్చి, గుడ్డలో వడగట్టి వెన్నముద్దలాంటిది చేసిచ్చాడు. దాన్ని ఆవిడ ఉడకబెట్టి, ఆరబెట్టి, హైదరాబాదు నుంచి ఐసులో వచ్చిన ఆర్‌ఎన్‌ఏ ముక్కల్ని అందులో కలిపారు.

ఫలితం కాగితం మీద చూస్తారు. చుక్క వేసి కాగితం అంచుని ద్రావకంలో ముంచితే విడి ముక్కలు పైకి పాకుతాయి, పొడుగు గొలుసు అడుగునే ఉండిపోతుంది. తలుపులు మూసి ప్రత్యేకమైన దీపం వేస్తే నల్లటి మచ్చలు కనిపిస్తాయి. ఆ రోజు అడుగున కాటుక అద్దినంత నల్లగా వచ్చింది మచ్చ.

డిపార్ట్‌మెంట్ హెడ్డు సత్యప్రసాద్‌గారు చప్పట్లు కొట్టారు. "సీతారామలక్ష్మిగారూ, విశాఖ సెమినారుకి మీ పేరు ఇచ్చేస్తున్నానండి!"

"ఇంత నల్లగా ఎందుకొచ్చిందండీ? విదేశాల వాళ్లకి కూడా ఇంతలా రాలేదు."

"గోదావరి మట్టంటే ఏమనుకున్నారు మరి! వచ్చినదానికి కూడా ఏడుస్తారేంటండి?"

ఆవిడ నవ్వలేదు. ఆయన వెళ్లగానే మహాలక్ష్మమ్మని పిలిచారు. "నిజం చెప్పు. ఏవైనా ముట్టుకున్నావా?"

"నా మీదకొచ్చారా? ముట్టుకుంటే ఊరుకోనన్నారని ఆ గది ఊడవడమే మానేశానండి. కావాలంటే బూజు చూసుకోండి."

బూజు చూశారు. ఉంది. తర్వాత ఆలోచిస్తే ముట్టుకున్న చెయ్యి గొలుసుని తెంపుతుందే గానీ తయారుచెయ్యదని తట్టింది. ఆవిడకి తప్పైందనడం రాదు. ఆ మధ్యాహ్నం తన ఫ్లాస్కులో కాఫీ సగం మహాలక్ష్మమ్మకి పోశారు.

తర్వాత ఐసులో వచ్చిన ముక్కల మీద అనుమానం. మట్టి లేకుండా వాటిని మాత్రమే పెట్టి చూశారు. అడుగున మచ్చ లేదు. ఆ ముక్కల్లో దోషం లేదు. ఇక మిగిలింది మట్టి. ముక్కలేవీ కలపకుండా మట్టీ నీళ్లూ మాత్రమే పెట్టారు. నేను వాటర్‌బాత్ కింద వైరు మారుస్తున్నాను. ఆవిడ దీపం వేసి కాగితం మీదకి వంగారు.

"ఏంటండి, దీపం కాలిందా?" అన్నాను.

"కాలేదు. వచ్చింది" అన్నారు. అదే మచ్చ, అదే నలుపు. అతకడానికి ముక్కే లేనిచోట గొలుసు వచ్చి కూర్చుంది.

మర్నాడు ఆవిడ కడియం వెళ్లారు. వైరింగు పని ఉందని నేనూ అదే బస్సు ఎక్కాను. చిట్టియ్య సారె మీంచి కుండీ దించుతున్నాడు.

"చిట్టియ్యా, నాకిచ్చిన మట్టిలో ఏం కలిపావ్?"

"కలపడవేంటండి? నా మట్టి మీద అనుమానవా? ఇరవై నర్సరీలోళ్లు కళ్లు మూసుకుని అట్టుకెళ్తారండి నా సరుకు."

"నేను కళ్లు మూసుకోను. మొదట్నుంచీ ఎలా చేశావో చేసి చూపించు."

అతను విసురుగానే లేచాడు. కొత్త మట్టి నానేశాడు, తొక్కాడు, తేర్చాడు. తర్వాత పాకలో మూలనున్న తొట్టి మీద గోనె తీశాడు. పులిసిన వాసన గుప్పుమంది. అందులోంచి పిడికెడు నల్లటి బురద తీసి కొత్త మట్టిలో కలిపాడు.

"అదేంటి?"

"తోడండి. పాలకి మజ్జిగ చుక్క ఎయ్యరా, అలాగ. ఇది మా నాన్న నాటి నుంచీ ఎండకుండా వత్తందండి. ఇదెయ్యకపోతే మట్టి సాగదు, పగిలిపోద్ది."

సీతారామలక్ష్మిగారు తొట్టి పక్కన చతికిలపడ్డారు. ఆ బురదనిండా కోటానుకోట్ల సూక్ష్మజీవులు. వాటన్నిటిలోనూ ఆర్‌ఎన్‌ఏ. ఉడకబెడితే జీవులు చచ్చాయి గానీ వాటి గొలుసులు మట్టిని పట్టుకుని ఉండిపోయాయి.

"ముందే చెప్పొచ్చు కదయ్యా!"

"మెత్తటిది కావాలన్నారు, మెత్తగా ఇచ్చాను. తోడు లేనిది కావాలనలేదు కదండీ."

ఆ మాట నిజమే. "అయితే ఇప్పుడు తోడు లేనిది ఇవ్వు. చేలో లోతుగా తవ్వి, ఆ తొట్టి ముట్టుకోని చేత్తో, కొత్త గుడ్డలో."

"ఆయ్. గరుగ్గా ఉంటదండి. నా పేరు చెప్పుకోకండి మరి."

కాలేజీలో సత్యప్రసాద్‌గారు తల పట్టుకున్నారు. "పేరు ఇచ్చేశాం. ఆ మట్టి ఒక్కటే పెట్టిన కాగితం పక్కన పెట్టెయ్యండి. ఎవరడుగుతారండి?"

"నేను అడుగుతానండి" అని, సెమినారుకి రావడం లేదని ఆవిడే ఫోను చేసి చెప్పేశారు. ఆయన కొన్నాళ్లు ఆవిడతో మాట్లాడలేదు.

ఏడాది చివరికొచ్చింది. గరుకు మట్టితో మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి మట్టి ఒక్కటే పెట్టిన కాగితం అడుగున ఏమీ లేదు. ముక్కలు కలిపినదాంట్లో, విడి ముక్కల మచ్చకి కాస్త కింద, ఉందా లేదా అన్నంత పలచటి మచ్చ. మహా అయితే రెండు మూడు ముక్కలు అతుక్కుని ఉంటాయి.

సత్యప్రసాద్‌గారు మాట్లాడని పంతం మరిచిపోయి, "వచ్చేసిందండీ!" అన్నారు.

"ఉండండి. మనకి రావాలని ఉంది కాబట్టి కనిపిస్తోందేమో." కాగితాల మీది గుర్తులు కనపడకుండా నల్ల కాగితం అంటించి, కలిపేసి, మహాలక్ష్మమ్మని పిలిచారు. "వీటిలో తేడాగా ఉన్నది ఏదో చూపించు."

మహాలక్ష్మమ్మ వంగి చూసి ఒక కాగితం మీద వేలు పెట్టబోయింది.

"ముట్టుకోకు!"

"ఇదిగోండి, ఇదీ" అని గాల్లోనే చూపించింది. గుర్తు విప్పితే సరిగ్గా అదే.

సీతారామలక్ష్మిగారు మహాలక్ష్మమ్మ వైపు తిరిగారు. "నా మొహం చూసి చెప్పావా?"

"చీకట్లో మీ మొహం ఎక్కడ కనిపిస్తదండి?"

"ఏమో" అని ఆవిడ కాగితాలన్నీ మళ్లీ కలిపి, వెళ్లి గోడవైపు తిరిగి నిలబడ్డారు. "ఇప్పుడు చూపించు."