దిండి రేవులో నీటి విమానం

శుక్రవారం రాత్రి సికింద్రాబాదులో నర్సాపురం రైలెక్కాను. ఈ వయసులో ఉన్నపళంగా బయల్దేరడానికి కారణం మా బావమరిది ప్రభుదాసు. కోనసీమలో గోదావరి ఒడ్డున, దిండిలో సొంత హౌస్‌బోటు నడుపుకుని బతికే మనిషి. ఈమధ్య అక్కడికి నీటి మీద దిగే విమానం వచ్చింది. సెల్‌ఫోన్లో డబ్బులు పంపుకునే యాప్ పెట్టి కోట్లకు పడగలెత్తిన ఒక ఆసామి దాన్ని నడిపిస్తున్నాడు. ప్రభుదాసుని రేవు ఇన్‌ఛార్జిగా తీసుకున్నారు. కొన్నాళ్లు పనితనం చూసి పర్మనెంటు చేస్తారట. అంతే, మావాడు పడవ అమ్మేస్తానని కూర్చున్నాడు.

వాడి భార్య సునీత ఫోన్లో ఏడ్చినంత పని చేసింది. "అన్నయ్యగారూ, సోమవారం బేరగాళ్లొచ్చి పడవ తీసుకెళ్లిపోతారండి. మీరొకసారొచ్చి, ఆ విమానం ఎక్కి చూసి, నమ్మొచ్చో లేదో ఈయనకి చెప్పండి."

నేను బ్యాంకులో గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. విమానాల గురించి నాకేం తెలుసు? అయినా పెద్దవాడినని పిలిస్తే వెళ్లకుండా ఎలా ఉంటాను.

రైల్లో ఎదురు బెర్తు ఆయనది అల్లవరం. రొయ్యల చెరువులున్నాయట. విమానం మాట ఎత్తగానే లేచి కూర్చున్నాడు.

"ఆయ్, ఆ కంపెనీయేనండి. మా రొయ్యలకి మేత కూడా ఆ యాప్‌లోనే తెప్పిస్తామండి."

"అయితే ఆయనది మేత వ్యాపారమా, విమానాల వ్యాపారమా?"

"అదే మాకూ తెలీదండి. మొన్న మా ఆవిడ కళ్లజోడు కూడా అందులోంచే వచ్చిందండి" అని దుప్పటి కప్పుకున్నాడు. నాకు మాత్రం చాలాసేపు నిద్ర పట్టలేదు. మా రోజుల్లో బియ్యం వ్యాపారి అంటే బియ్యం అమ్మేవాడు, బస్సుల ఓనరంటే బస్సులున్నవాడు. ఈయన్ని ఏమని పిలవాలో తెలియలేదు.

తెల్లవారాక నర్సాపురంలో దిగాను. స్టేషను బయట పెసరట్టు వేడిగా, బాగా దొరుకుతుంది, వెళ్లేవాళ్లు వదులుకోవద్దు. షేర్ ఆటోలో చించినాడ వంతెన దాటితే దిండి. రేవులో మావాడి పడవ, దాని పక్కనే తెల్లటి విమానం, రెండూ తాళ్లతో కట్టేసి ఉన్నాయి. చూస్తే నవ్వొచ్చింది. కోనసీమకి రైలు వస్తుంది వస్తుందని నా చిన్నప్పటినుంచీ వింటున్నాను. ఆ రైలు ఇంకా రానేలేదు గానీ విమానం వచ్చేసింది.

ప్రభుదాసు కంపెనీ టీషర్టు వేసుకుని, చేతిలో ట్యాబ్ పట్టుకుని ఎదురొచ్చాడు. ఇంత సంబరంగా వాణ్ణి పెళ్లినాడు కూడా చూడలేదు.

"మీ ఓనరు ఎప్పుడైనా వచ్చేరా?" అన్నాను.

"లేదండి. ఈ ట్యాబ్‌లోకొస్తారండి. పండగలకి మెసేజ్ పెడతారు."

"పోనీ నీ పైవాడెవరు?"

"పైవాళ్లంటూ ఎవరూ లేరండి. పొద్దున్నే ఇందులోనే పని వస్తుందండి. చేసి నొక్కితే ఆకుపచ్చ రంగొస్తది. అంతేనండి."

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ సునీత నా మొహంలోకి చూసింది. నేను చేపల పులుసులోకి చూశాను. ఆ రోజంతా ఆమె అడుగుతూనే ఉంది, నేను "ఎక్కి చూడనీ అమ్మా" అంటూనే ఉన్నాను. నిజం చెప్పొద్దూ, నాకు ఏమీ బోధపడలేదు.

ఆదివారం గుడి, అంటే చర్చి, అయ్యాక మూడు గంటల విమానానికి విశాఖ టిక్కెట్టు. సాయంత్రం అక్కడ హైదరాబాదు రైలెక్కాలని నా ఏర్పాటు. టిక్కెట్టు యాప్‌లోనే కొనాలి. ధర పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి చూపిస్తుంది, ఎందుకని అడగడానికి కౌంటరు ఉండదు. పదిమందికి మించి పట్టని చిన్న విమానం కాబట్టి సామానుతో పాటు మనుషుల్నీ తూకం వేస్తారు. నా ముందు రాజోలు టీచరుగారొకావిడ కాటా ఎక్కి, "బాబూ ప్రభుదాసూ, నీకు పుణ్యముంటుంది, పైకి మాత్రం చదవకు" అంది. మావాడు చదవలేదు. ఒక్కొక్కరి లెక్కా జాగ్రత్తగా ట్యాబ్‌లో కొట్టుకున్నాడు. ఆకుపచ్చ రంగొచ్చింది.

వాడి పనితనానికి లోపల మురిసిపోయాను కూడా.

తలుపు మూసేముందు మొదలైంది అసలు సంగతి. మావైపు చుట్టానికి ఇచ్చేది ముందుగా ఇవ్వరు. ఇస్తే "అబ్బే, వద్దండీ, ఎందుకండీ ఇదంతా" అని వాళ్లు వదిలేసి పోతారు. అందుకని బండి కదిలేదాకా ఆగి, వద్దనడానికి సందు లేకుండా లోపలికి తోసేస్తారు. మమ్మల్ని సాగనంపడానికి గుడినుంచి తిన్నగా రేవుకొచ్చిన జనమంతా ఒక్కసారి కదిలారు. వలిచిన కొబ్బరికాయల బస్తాలు, చక్కెరకేళీ గెలలు, పూతరేకుల డబ్బాలు, ఆవకాయ జాడీ. అందరికంటే పెద్ద బస్తా నా కాళ్ల దగ్గర పడింది. వేసింది ఎవరో కాదు, ఇన్‌ఛార్జిగారే. "అక్కకివ్వండి బావగారూ!" అని తలుపు మూసేశాడు. పైలటు మలయాళీ అమ్మాయి, ముందు కూర్చుని మీటలు చూసుకుంటోంది. ఆమెకి ఇదేమీ తెలియదు.

విమానం నీళ్లు చిమ్ముకుంటూ పరుగెత్తింది. లేవలేదు. మళ్లీ తిరిగొచ్చి పరుగెత్తింది. ఊహూ. టీచరుగారు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. పైలటమ్మాయి వెనక్కి తిరిగి బస్తాల్ని చూసింది, ఇంగ్లీషులో ఏదో గట్టిగా అని, విమానాన్ని రేవుకి తిప్పేసింది.

బస్తాలన్నీ దించారు. ఎవరి బస్తా వాళ్లు మొహమాటంగా వెనక్కి పుచ్చుకున్నారు. ప్రభుదాసు ఎవర్నీ ఒక్క మాట అనలేదు, తలొంచుకుని ట్యాబ్‌లో ఏదో కొట్టాడు. విమానం ఈసారి ఇట్టే లేచింది. కింద కొబ్బరితోటలు, కాలవలు, వాటి మధ్య మావాడి పడవ. చూడ్డానికి రెండు కళ్లూ చాలలేదు, అబద్ధమాడను. విశాఖలో చక్రాలు దించుకుని మామూలు విమానంలా దిగింది.

స్టేషనులో ఇడ్లీ తిని రైలెక్కి కూర్చున్నాక ప్రభుదాసు ఫోను చేశాడు.

"బావగారూ, ట్యాబ్ తెరుచుకోవట్లేదండి. మీ సేవలకు కృతజ్ఞతలు అని వస్తోందండి."

"అంటే?"

"తీసేసేరండి. ఆలస్యానికి బాధ్యులెవరని అడిగిందండి. నా పేరే కొట్టేను. ఆదివారం పూట అబద్ధం రాయలేం కదండీ. ఎవరైనా ఫోన్ చేసి తిడతారేమోనని చూసేనండి. తిడితే కాళ్లు పట్టుకుందును. ఎవరూ చెయ్యలేదండి."

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరిమీద మండాలో తెలియక ఇంకా మండింది. మేత అమ్మేవాడి మీదా, కళ్లజోళ్లవాడి మీదా, మా ఆవిడకి కొబ్బరికాయలు పంపబోయిన ఈ వెర్రిబాగులవాడి మీదా?

"పోతే పోయింది వెధవ ఉద్యోగం" అన్నాను. "పడవుంది కదా. రేపు బేరగాళ్లని రావద్దను. అది నమ్మదగ్గ కొలువు కాదు, నేను చెప్తున్నాను."



"నిన్న రాత్రే సంతకం పెట్టేసేనండి. మీరు పడుకున్నాక. సునీతకింకా తెలీదు."

"మరి నేను ఎక్కి చూసి చెప్పేదాకా ఆగలేదెందుకురా?"

"మీరు బాగుందనే అంటారనుకున్నానండి" అన్నాడు మెల్లిగా. "ఇన్నేళ్లలో మా ఇంట ఏదీ బాగోలేదని మీరనలేదు కదండీ."

ఫోను పెట్టేశాను. రైలు అనకాపల్లి దాటింది. ఆ విమానం ఎలా ఉందని ఎవరైనా అడిగితే, పైనుంచి కోనసీమ చాలా బాగుంటుందని చెప్తాను, అది నిజమే. అంతకుమించి ఏం చెప్పాలో నాకీ రోజుకీ తెలియదు. ఆ రాత్రి రైల్లోనే సునీత దగ్గర్నుంచి ఫోను మోగింది. ఎత్తడానికి ధైర్యం చాలలేదు.