ఈ ఏడు పడవకు తలంటు లేదు

మా మావయ్య సెప్టెంబరులో పోయారు. కౌలాలంపూర్‌లో నేను ఆఫీసుకు బయలుదేరుతుంటే అమ్మ ఫోన్ చేసి, "మావయ్య నిద్దట్లోనే పోయినాడంట," అని చెప్పి పెట్టేసింది. లిఫ్టు వచ్చింది, ఎక్కాను. తూర్పు తీరానికి వెళ్లే బస్సు టికెట్ కొనేదాకా ఎవరితోనూ మాట్లాడలేదని తర్వాత గుర్తొచ్చింది.

మావయ్య గురించి మీకు చెప్పాలంటే ఆయన పడవ గురించి చెప్పాలి. పడమటి వైపు తెలుక్ ఇంటాన్‌లో పుట్టి, తూర్పు తీరాన తెరెంగానులో స్కూలు మాస్టారుగా చేరి, అక్కడే ఏటి ఒడ్డున ఇల్లు కట్టుకున్న మనిషి ఆయన. పక్కింటి పాక్‌చిక్ దగ్గర ఒక చిన్న తెరచాప పడవ కొన్నారు. మలయ్‌లో పెద్దవాళ్లను అలాగే పిలుస్తారు, అతని అసలు పేరు మాకెవరికీ తెలియదు. మా వాళ్లలో పడవ ఉన్నవాళ్లు ఇంకెవరూ లేరు. "ఏటికిరా నీకిది?" అని తాతయ్య అడిగితే, "కారుకి రోడ్డుండాల. దీనికి అక్కర్లేదు," అన్నారట.

తెరెంగానులో చలికాలం లేదు, తెంకుజు ఉంది. నవంబరు నుంచి ఈశాన్యపు గాలి, నెలల తరబడి వాన. ఏరు ఉబ్బుతుంది, సముద్రం మీదికి ఎవరూ వెళ్లరు. అంతకుముందే పడవను ఒడ్డుకు లాగి భద్రం చెయ్యాలి. దీపావళి కూడా ఇంచుమించు అప్పుడే వస్తుంది. సెలవుకు మేమంతా వస్తాం, సాయానికి చేతులు దొరుకుతాయి. అందుకని మావయ్య రెండింటినీ కలిపేశారు. పండగ పొద్దున మా నెత్తిన నువ్వుల నూనె పెట్టాక, అదే గిన్నెతో వెళ్లి పడవ ముక్కుకు రాసేవారు. "ఇంటోళ్లందరికీ తలంటు. దీనికేటి, లేదా?" అనేవారు. ఆ తర్వాతే పని. తెరచాప కొయ్య దించడం, చుక్కాని ఊడదీయడం, దుంగల మీదుగా పడవను ఒడ్డుకెక్కించడం, మంచినీళ్లతో ఉప్పంతా కడగడం, అడుగున బిరడా తీసి లోపలి నీరు వదలడం.

నాకు ఈత రాదు. పడవ ఎక్కితే కడుపులో తిప్పేది. అడిగితేనే జవాబు చెప్పాలని కాన్వెంటులో సిస్టర్లు నేర్పారు. చుట్టాలందరూ ఏదో ఒకటి అడుగుతూనే ఉండేవారు. మావయ్య అడిగేవారు కాదు. చేతిలో పుస్తకం ఉంటే ఉండనిచ్చి, రెండో చేతికి తాడు కొస అందించేవారు. ఒకరి పక్కన మాట లేకుండా, పనికొచ్చేలా ఉండవచ్చని నాకు అక్కడే తెలిసింది. దానికి ఆయనకు నేనెప్పుడూ థాంక్స్ చెప్పలేదు. చెబితే ఆయనకు ఇబ్బందిగా ఉండేది.

తాళ్లూ తెరచాపా చుట్టడం నా వంతు. తెరచాపను మడత పెట్టనిచ్చేవారు కాదు. "మడతలోనే సిరుగుద్ది. సుట్టు," అనేవారు. చివర టార్పాలిన్ కప్పేటప్పుడు రెండు కొసలా జానెడు సందు వదిలేవారు. "పడవకి గాలాడాల, మీ అత్తకి టీవీ ఆడాల. లేదంటే రెండూ పాడైపోతాయి." అత్త లోపల్నుంచే, "మీ మావయ్యకీ ఒక టార్పాలిన్ కట్టు పిల్లా, సందు ఒగ్గకుండా," అనేది.

ఈ దీపావళికి అత్త దగ్గరికి వెళ్లాను. ఏడాది దాకా ఆ ఇంట్లో పండగ లేదు. ముగ్గు లేదు, పిండివంట లేదు. పడవ ఏట్లోనే ఉంది. పండగ పనులేవీ ముట్టుకోవద్దని తెలుక్ ఇంటాన్ నుంచి పెద్దవాళ్లు ఫోన్లో చెప్పారు. పడవ పని కూడా అందులోదేనని అత్త అనుకుంది.

పాక్‌చిక్ వచ్చాడు. ఏటి నీళ్ల రంగు మారిపోయిందని, ఇంకో పెద్ద వాన పడితే ఎవరూ లాగలేరని, తాడు తెంపుకుని సముద్రంలోకి పోతుందని మలయ్‌లో నిదానంగా చెప్పాడు. అత్త తల ఊపి టీ ఇచ్చింది, కారణం చెప్పలేదు. అతను వెళ్లాక వంటింటి కిటికీ దగ్గర నిలబడింది. బయట పడవ తాడును లాగుతోంది, వదులుతోంది. మావయ్య బట్టలు అప్పటికే పంచేశారు. ఆయనదని చూపించడానికి ఇక ఆ పడవే ఉంది.

నేను పుస్తకం మూశాను.

"అత్తా, నూనె పండక్కి. ఒడ్డుకి లాగడం వానకి కదా."

అత్త వెనక్కి తిరగలేదు. "ఎవరైనా అడిగితే ఏటి సెప్పాల?" అంది.

"వాన వచ్చినాదని సెప్పు."

అత్త ఇంకాసేపు ఏటివైపు చూసింది. "నూనె గిన్నె తియ్యకు. పసుపూ ఒద్దు. ఒట్టి నీళ్లే," అని, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని పెరట్లోకి వెళ్లి పాక్‌చిక్‌ను కేకేసింది.

పాక్‌చిక్, అతని తమ్ముళ్లూ పడవను లాగారు. నేను దుంగలు జరిపాను. అత్త నీళ్ల పైపు పట్టుకుని వెనక నుంచి కడుగుతూ వచ్చింది. ముక్కు దగ్గర ఒకసారి ఆగి, అరచేత్తో తుడిచింది. టార్పాలిన్ కట్టాక రెండు కొసలా సందులు తనే చూసింది.

కడిగిన తెరచాప ఆరకముందే వాన వచ్చేసింది. తడిగా చుడితే బూజు పడుతుంది. పరామర్శకు వచ్చేవాళ్ల కోసం హాల్లోంచి తీసేసిన సోఫాలు మళ్లీ పెట్టనేలేదు. మేమిద్దరం తెరచాపను లోపలికి మోసుకొచ్చి నేల మీద పరిచాం. ఇంచుమించు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వచ్చింది. అత్త ఫ్యాను వేసింది. ఒక అంచు కొద్దిగా లేచి, పడింది. దాన్ని తొక్కకుండా, గోడ పట్టుకుని చుట్టూ నడిచి, అత్త వంటింట్లోకి వెళ్లింది.