కొత్తగూడ నర్సమ్మ అడిగిన కాయితం

పోయిన సోమవారం మా కొత్తగూడ నర్సమ్మ చనిపోయింది. హఫీజ్‌పేట్ స్టేషన్ మెట్లెక్కుతుంటే గుండె ఆగిందట. ఆఫీసులో సంతాపసభ పెట్టి ఆమె సహకారాన్ని పొగిడారు, రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఆమె బతికుండగా ఆ ఆఫీసు పాటించింది కూడా మౌనమే.

నేనక్కడ టైపిస్టును. గర్భసంచి క్యాన్సర్ మీద విదేశీ డాక్టర్లూ మనవాళ్లూ కలిసి చేస్తున్న పరిశోధన ఆఫీసు అది. మాదాపూర్‌లో అద్దాల భవనాలకు రాళ్లు మోసే ఆడవాళ్లను ఒప్పించి పరీక్షకు తేవడం నర్సమ్మ పని. సిగ్గుపడితే, "గీ చేతులతోని ఎన్ని కాన్పులు జేసిన! నాకాడ సిగ్గేంది?" అనేది. వాళ్లు నవ్వి లోపలికి వచ్చేవాళ్లు.

నమూనాలు విమానమెక్కాయి. ఫలితాలు తిరిగొచ్చాయి. నేనే ఫైళ్లలో పెట్టాను. పరిశోధన ముగిసేదాకా ఎవరికీ చెప్పకూడదని అక్కడివాళ్ల షరతు. ఇక్కడి పెద్ద డాక్టరు ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

ఒకరోజు చందానగర్ మేస్త్రీ భార్య పనిలోనే రక్తం పోయి పడిపోయింది. నర్సమ్మ ఆమెను దవాఖానలో చేర్చి నేరుగా నా దగ్గరికొచ్చింది.

"ఆమె కాయితమేది?"

తీసిచ్చాను. క్యాన్సరని నాలుగు నెలల కిందటే రాసి ఉంది.

"నీకు ఎరుకేనా, బిడ్డా?"

నేనే ఫైల్లో పెట్టానని ఒప్పుకున్నాను. ఆమె డాక్టరు గదిలోకి నడిచింది.

"సార్, ఆమెను చెయ్యి పట్టుకొని తోలుకొచ్చింది నేను. గిప్పుడు ఆమె మొగనికేం జెప్పాలె?"

"రూల్స్ అమ్మా. ఇది ఇంటర్నేషనల్ స్టడీ."

"రోగం మాది, రూలు వాళ్లదా?"

ఆ గది నేల మీదే కూర్చుంది. సాయంత్రానికి, జబ్బున్న మిగతా ఆరుగురి పేర్లు రాయించుకుని గానీ లేవలేదు. ఒక్కొక్కరినీ తనే దవాఖానకు తీసుకెళ్లింది. ఆ ఆరుగురూ కోలుకున్నారు. మేస్త్రీ భార్య దక్కలేదు.

తర్వాత విదేశీ పత్రికలో వ్యాసం వచ్చింది. రెండు దేశాల స్నేహం గురించి గొప్పగా రాశారు. నర్సమ్మ పేరు లేదు. చనిపోయిన మేస్త్రీ భార్య ఒక అంకె. వాళ్ల మీద నా కోపం చల్లారలేదు. నాలుగు నెలలు ఆ కాయితాన్ని బీరువాలో దాచిన నా మీద అసలు చల్లారలేదు.

నర్సమ్మ అంత్యక్రియలకు ఆఫీసు పూలదండ పంపింది. ఆ ఆరుగురు మాత్రం పనిలోంచి అలాగే వచ్చేశారు. పాడె దగ్గరికెళ్తుంటే, ఆడవాళ్లు మోయకూడదన్నాడెవరో పెద్దాయన.

"రాళ్లు మోసినప్పుడు అడ్డమొచ్చినవా? జర జరుగు," అంది ఒకామె.

సిమెంటు అంటిన పాదాలతో, లారీల దుమ్ములో, ఆ ఆరుగురూ నర్సమ్మను భుజాల మీదికెత్తుకుని కొత్తగూడ రోడ్డు మధ్యలో నడిచారు. వెనక లారీలు హారన్ కొడుతూనే ఉన్నాయి. వాళ్లు పక్కకు తప్పుకోలేదు.